నూట ఇరవై గీత దగ్గర

మా అక్క కొడుకు కిట్టుకి ఆరున్నరేళ్లు. మా చెల్లెలి కూతురు చిన్నికి ఇంకా ఆరు నిండలేదు. మొన్న వేసవి సెలవుల్లో ఇద్దర్నీ వెంటబెట్టుకుని ఊరి చివర ఉన్న ఒక వినోదాల పార్కుకి వెళ్లాం. గాల్లోకి ఎత్తి గిరగిరా తిప్పే రైడ్ ఒకటి పిల్లలకి తెగ నచ్చింది. ఎండలో ముప్పావుగంట వరుసలో నిలబడి గేటు దాకా వచ్చాం. అక్కడ చెక్కతో చేసిన కోతిబొమ్మ చెయ్యి చాచి నిలబడి ఉంది. ఆ చెయ్యి మీద 120 సెం.మీ. అని రాసి ఉంది. ఆపరేటర్ కుర్రాడు ముందు చిన్నిని నిలబెట్టాడు. పిల్ల తల చెక్కచేతికి తగిలింది. "నువ్వు లోపలికెళ్లమ్మా" అన్నాడు. తర్వాత కిట్టు. చెప్పులు విప్పమంటే విప్పాడు. మడమలు నేలకి ఆనించమంటే ఆనించాడు. తలకీ చేతికీ మధ్య రెండు వేళ్ల సందు మిగిలింది.

మా బావ బతిమాలాడు. "రెండు వేళ్లే కదా తమ్ముడూ. నేను పక్కనే కూర్చుని గట్టిగా పట్టుకుంటాను." ఆ కుర్రాడు తల అడ్డంగా ఊపాడు. "మీరు పట్టుకున్నా ఆగదు సార్." అంతే. అంతకుమించి వాదించలేదు, విసుక్కోలేదు. కిట్టు మాత్రం ఏడుపు దిగమింగుకుంటూ నా కొంగు పట్టుకుని ఒకటే మాట అన్నాడు: "పిన్నీ, నేను దానికంటే పెద్దవాణ్ణి!"

వాడు అడిగినదాంట్లో న్యాయం ఉంది. బడిలో చేర్చుకోవడానికి వయసు చూస్తాం, రైలు టికెట్టుకి వయసు చూస్తాం, మందు డోసుకి వయసూ బరువూ చూస్తాం. ఇక్కడ మాత్రం ఎత్తు ఒక్కటే ఎందుకు? ఆ అంకె ఎవరు పెట్టారు? అది దేన్ని చూస్తుంది, దేన్ని చూడలేదు? ఆ రోజు వాడికి నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆ తర్వాత నెలల తరబడి వెతికి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. పిల్లల్ని పార్కులకి తీసుకెళ్లే ప్రతి ఇంట్లోనూ ఇది తెలిసి ఉండాలని నా ఆరాటం.

రైడ్ తయారుచేసే ఇంజినీరు ముందుగా ఒక శరీరాన్ని ఊహించుకుంటాడు. ఆ శరీరం కూర్చున్నప్పుడు వీపు ఎక్కడ ఆనుతుంది, మోకాళ్లు ఎక్కడ మడుచుకుంటాయి, పాదాలు నేలకి అందుతాయా, ఒడి మీదికి దిగే కడ్డీ తొడల మీద పడుతుందా లేక పొట్ట మీదా, భుజాల మీదుగా వచ్చే కవచం భుజాలకి ఆనుతుందా లేక చెవుల దగ్గర కొట్టుకుంటుందా, ఇలా ఒక్కొక్కటీ కొలుస్తాడు. చేతులు చాపితే పక్కనున్న ఇనుప స్తంభాలకి తగలకూడదు. ఇన్ని కొలతల్ని గేటు దగ్గర నిలబడి తీయడం సాధ్యం కాదు. అందుకని ఈ కొలతలన్నిటికీ దగ్గరి చుట్టమైన ఒక్క కొలతని పట్టుకున్నారు. అదే ఎత్తు. దాన్ని క్షణంలో చూడొచ్చు, కాగితాలు అడగక్కర్లేదు, అబద్ధం చెప్పడం కష్టం. వయసు అలా కాదు. ఏ తండ్రయినా ఏడాది కలిపి చెప్పగలడు.

అంటే గేటు దగ్గరి ఎత్తుగీత పిల్లవాడి గొప్పతనం గురించి గానీ ధైర్యం గురించి గానీ ఏమీ చెప్పదు. ఆ కుర్చీకి వాడి ఒళ్లు సరిపోతుందా అని మాత్రమే చూస్తుంది. దీనికి మంచి రుజువు ఒకటుంది. డిస్నీ వాళ్ల స్పేస్ మౌంటెన్ రైడ్ కాలిఫోర్నియాలోనూ ఉంది, ఫ్లోరిడాలోనూ ఉంది. పేరు ఒకటే, చీకట్లో నక్షత్రాల మధ్య దూసుకెళ్లే అనుభవమూ దాదాపు ఒకటే. కాలిఫోర్నియాలో ఎక్కడానికి 40 అంగుళాలు చాలు, ఫ్లోరిడాలో 44 ఉండాలి. పిల్లవాడు అక్కడా ఇక్కడా అదే పిల్లవాడు. బండ్లు వేరు, కుర్చీలు వేరు, పట్టాలు వేరు.

చిన్నపిల్లల ఒళ్లు పెద్దవాళ్ల ఒంటికి చిన్న నకలు అనుకుంటాం. కానే కాదు. పుట్టినప్పుడు తల మొత్తం పొడవులో నాలుగోవంతు ఉంటుంది. పెద్దయ్యేసరికి అది ఏడోవంతుకో ఎనిమిదోవంతుకో తగ్గుతుంది. ఐదేళ్ల పిల్లవాడి తల ఇంచుమించు పెద్దవాళ్ల తలంత ఉంటే, దాన్ని మోసే మెడ మాత్రం చిన్నపిల్లాడి మెడే. బండి ఒక్కసారిగా తిరిగినప్పుడు పెద్దవాళ్ల మెడ తట్టుకునే కుదుపు ఆ మెడకి భారం. ఇక నడుము. పెద్దవాళ్లకి తుంటి ఎముక ముందువైపు రెండు మూలల్లా పొడుచుకొచ్చి ఉంటుంది. బెల్టు దాని కింద పట్టు దొరకబుచ్చుకుంటుంది. చిన్నపిల్లల్లో ఆ మూలలు ఇంకా ఏర్పడవు. బెల్టు పైకి జారి పొట్టలోకి దిగుతుంది, లేదా పిల్లవాడే కిందికి జారతాడు. కార్లలో పెద్దవాళ్ల సీటు బెల్టు సరిగ్గా పట్టాలంటే పిల్లలు సుమారు 145 సెం.మీ. ఎదగాలని అమెరికా పిల్లల వైద్యులు చెప్పడం వెనక ఉన్నదీ ఈ కారణమే. అంతవరకు కూర్చోబెట్టడానికి ఎత్తు సీటు వాడమంటారు. రోడ్డు మీద నేరుగా వెళ్లే కారుకే ఇంత జాగ్రత్త కావాల్సి వచ్చినప్పుడు, తలకిందులయ్యే బండి సంగతి చెప్పక్కర్లేదు.

ఇద్దరు కలిసి కూర్చునే కుర్చీలో ఇంకో చిక్కుంది. ఒకే కడ్డీ ఇద్దరి ఒళ్ల మీదా దిగుతుంది. అది పెద్దవాళ్ల పొట్టకి తగిలి ఆగిపోతుంది. పక్కనున్న పిల్లవాడి ఒడికీ కడ్డీకీ మధ్య ఖాళీ మిగిలిపోతుంది. "నేను పక్కనే ఉంటాను" అనే తండ్రి మాట వెనక ప్రేమ ఉంది. చాలాసార్లు ఆ ఖాళీని సృష్టించేదీ ఆ పక్కనున్న తండ్రి ఒళ్లే.

2000 సెప్టెంబరు 22న కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో జరిగింది ఇలాంటిదే. రోజర్ రాబిట్ పేరుతో ఉన్న రైడ్ అది. గుండెలు అదిరే వేగమేమీ ఉండదు. కార్టూన్ బొమ్మల మధ్య గుండ్రంగా తిరుగుతూ సాగే చిన్న బండి. నాలుగేళ్ల బాబు తనవాళ్లతో కలిసి ఎక్కాడు. వాణ్ణి బండి ఎక్కే తెరిచిన వైపు కూర్చోబెట్టారు. ఒడి కడ్డీ పూర్తిగా కిందికి దిగలేదు. బాబు జారి కిందపడి, వెనక వచ్చిన బండి కింద ఇరుక్కున్నాడు. మెదడు దెబ్బతింది. మళ్లీ మామూలు మనిషి కాలేదు. 2009లో చనిపోయాడు. ఆ తర్వాత చిన్నపిల్లల్ని తెరిచిన వైపు కాకుండా లోపలివైపు కూర్చోబెట్టాలన్న నియమం వచ్చింది. ఎత్తుగీత అక్కర్లేదనిపించే నెమ్మది రైడ్‌లోనే ఇది జరిగింది. లోపలివైపు కూర్చోబెట్టాలన్నది రెండు ముక్కల నియమం. అది ముందే ఉంటే ఒక బిడ్డ బతికేవాడు అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలదు.

ఇప్పుడు అంకెల సంగతి. అమెరికా పార్కుల్లో తరచుగా కనిపించే గీతలు 36, 40, 44, 48, 54 అంగుళాలు. మన లెక్కలో సుమారు 91, 102, 112, 122, 137 సెంటీమీటర్లు. ఇంగ్లండులోని పెద్ద రోలర్ కోస్టర్లకి 140 సెం.మీ. దాకా అడుగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎదుగుదల పట్టిక ప్రకారం నాలుగేళ్ల పిల్లల మధ్యస్థ ఎత్తు సుమారు 103 సెం.మీ., ఐదేళ్లకి 110, ఆరేళ్లకి 115-116, ఏడేళ్లకి 121 పైచిలుకు, పదేళ్లకి 138. ఈ రెండు వరుసల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, 40 అంగుళాల గీత సగటున నాలుగేళ్లకి దగ్గర్లో దాటుతారు, 44ది ఐదు దాటాక, 48ది ఏడేళ్లకి, 54ది పదేళ్లకి. 2019లో మొదలైన హాగ్రిడ్ మోటార్‌బైక్ రైడ్‌కి ఫ్లోరిడాలోని యూనివర్సల్ పార్కు వాళ్లు 48 అంగుళాలు పెట్టారు. వాళ్లదే హల్క్ కోస్టర్‌కి 54. హ్యారీ పాటర్ పుస్తకాలు చదివించుకుని ఎగిరి గంతేస్తూ ఫ్లోరిడా వెళ్లే ఐదేళ్ల పిల్లలు హాగ్రిడ్ గేటు దగ్గర ఆగిపోతారని పెద్దవాళ్లకి ముందే తెలిసుండాలి.

అయితే మధ్యస్థం అంటే సగం మంది అంతకంటే పొట్టిగా ఉంటారని అర్థం. ఒకే తరగతిలో ఒకే నెలలో పుట్టిన ఇద్దరు ఆరోగ్యవంతులైన పిల్లల మధ్య పదిహేను సెంటీమీటర్ల తేడా ఉన్నా ఆశ్చర్యం లేదు. మా చిన్ని వాళ్ల నాన్న పోలిక, తాటిచెట్టులా పెరుగుతోంది. కిట్టు మా వైపు పోలిక. వాడి ఎదుగుదలలో ఏ లోపమూ లేదు.

ఈ అంకెలు ఎక్కణ్నుంచి వస్తాయి? మొదటి మాట తయారీ కంపెనీది. ఏ కనీస ఎత్తుకి తన కుర్చీ సరిపోతుందో అదే చెబుతుంది. పార్కు దాన్ని పెంచుకోవచ్చు గానీ తగ్గించకూడదు. కంపెనీలు ఆధారపడే ప్రమాణాల్లో ముఖ్యమైనది అమెరికాలో ఏఎస్‌టీఎం సంస్థ 1978లో మొదలుపెట్టిన ఎఫ్24 కమిటీ రాసినది. యూరపులో ఈఎన్ 13814 అనే ప్రమాణం ఉంది. అమెరికా ప్రమాణం పట్టివుంచే సాధనాల్ని ఐదు తరగతులుగా విభజిస్తుంది. ఏమీ అక్కర్లేని నెమ్మది బండి నుంచి, ఒక తాళం విఫలమైనా రెండోది కాపాడే కవచం దాకా. శరీరం ఎంత కుదుపు తట్టుకోగలదో చెప్పే పరిమితులు కూడా అందులో ఉన్నాయి. ఆ పరిమితుల్ని 48 అంగుళాలు, అంతకు పైబడినవాళ్లని మనసులో పెట్టుకుని రాశారు. అంతకంటే పొట్టి పిల్లల్ని ఎక్కించే రైడ్ తయారుచేసేవాళ్లు, ఆ కుదుపు వాళ్ల మీద ఎలా పనిచేస్తుందో విడిగా తేల్చుకోవాలి. 48 అన్న అంకె అన్ని పార్కుల్లోనూ అంత తరచుగా ఎదురవడం కాకతాళీయం కాదు.

ప్రమాణం రాయడం ఒక ఎత్తు, అమలు చేయించడం ఇంకో ఎత్తు. 1981లో అమెరికా కాంగ్రెస్ శాశ్వత పార్కుల్లోని రైడ్లని దేశవ్యాప్త వినియోగదారుల భద్రతా కమిషన్ పరిధి నుంచి తప్పించింది. ఊరూరా తిరిగే సంతల రైడ్లు మాత్రం దాని కింద మిగిలాయి. పార్కుల తనిఖీ రాష్ట్రాల చేతిలో పడింది. కొన్ని రాష్ట్రాలు గట్టిగా చూస్తాయి, కొన్ని వదిలేశాయి. వదిలేస్తే ఏమవుతుందో 2016లో కాన్సస్ చూసింది.

కాన్సస్ నగరంలోని నీటిపార్కులో 168 అడుగుల జారుడుబల్ల కట్టారు. ప్రపంచంలోకెల్లా ఎత్తయినదని గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కించారు. తెప్ప మీద ముగ్గురు కూర్చోవాలి. 54 అంగుళాల ఎత్తు ఉండాలి. ముగ్గురి బరువూ కలిపి 400 నుంచి 550 పౌండ్ల మధ్య ఉండాలి. ఆగస్టు 7న పదేళ్ల బాలుడు ఎక్కాడు. ముందు వాడు, వెనక ఇద్దరు పెద్దవాళ్లు. ముందుభాగం తేలిక, వెనకభాగం బరువు. తెప్ప గాల్లోకి లేచి, పైనున్న వలని పట్టివుంచే ఇనుప కమ్మీలకి కొట్టుకుంది. బాలుడు అక్కడికక్కడే చనిపోయాడు. గీత దాటిన పిల్లవాడే. మూడు బరువుల మొత్తం చూశారు గానీ, ఆ బరువు తెప్ప మీద ఎక్కడెక్కడ పడుతోందో చూడలేదు. మరుసటి ఏడాది ఆ రాష్ట్రం రైడ్ల చట్టాన్ని బిగించింది. ఆ జారుడుబల్లని 2018లో కూల్చేశారు. ఈ ప్రమాదం జరిగిన నాలుగో రోజున పెన్సిల్వేనియాలో మూడేళ్ల బాబు 1938 నాటి చెక్క రోలర్ కోస్టర్ నుంచి కిందపడ్డాడు. ఆ బండికి బెల్టే లేదు. పక్కన కూర్చున్నది వాడి అన్న, వాడూ పిల్లవాడే. అదృష్టవశాత్తూ చిన్నోడు బతికాడు.

గీత దాటడం అంటే భద్రంగా ఉండటం అని మనం అనుకుంటున్నాం. ఇక్కడే నా అసలు భయం. 2021 సెప్టెంబరులో కొలరాడోలో ఒక గనిలోకి నిలువునా పడే రైడ్‌లో ఆరేళ్ల పాప చనిపోయింది. ఎత్తుతో ఆ ప్రమాదానికి సంబంధం లేదు. పాప బెల్టుల కింద కాకుండా బెల్టుల మీద కూర్చుంది. అవి అంతకుముందే బిగించి ఉన్నాయి. ఆపరేటర్లు గమనించలేదు. 2022 మార్చిలో ఆర్లాండోలో 430 అడుగుల స్తంభం నుంచి పడే రైడ్‌లో పద్నాలుగేళ్ల అబ్బాయి కుర్చీలోంచి జారిపోయాడు. అతను ఆరడుగుల పైచిలుకు ఉన్నాడు. కంపెనీ పెట్టిన బరువు హద్దు 130 కిలోలు. అతను అంతకంటే చాలా ఎక్కువ. కవచానికీ కుర్చీకీ మధ్య సందు పెరిగినా బండి కదిలేలా ఆ సీటు సెన్సర్‌ని మార్చి ఉంచారని దర్యాప్తులో తేలింది. 2011లో న్యూయార్క్ రాష్ట్రంలో ఇరాక్ యుద్ధంలో రెండు కాళ్లూ పోగొట్టుకున్న మాజీ సైనికుడు కోస్టర్ నుంచి ఎగిరిపడి చనిపోయాడు. ఆ ఒడి కడ్డీ పట్టుకునేదే తొడల్ని, మోకాళ్లని. వాటి లోటుని ఏ ఎత్తుకొలతా చెప్పదు.

2013లో ఓహాయో రాష్ట్రంలోని ఒక పిల్లల ఆసుపత్రి పరిశోధకులు ఇరవై ఒక్క ఏళ్ల లెక్కలు తీశారు. 1990 నుంచి 2010 దాకా అమెరికాలో వినోదాల రైడ్ల వల్ల దెబ్బలు తగిలి ఎమర్జెన్సీ వార్డులకి వచ్చిన 18 ఏళ్లలోపు పిల్లలు 92,885 మంది. ఏటా సగటున 4,400 పైనే. ఎక్కువగా తగిలింది తలకీ మెడకీ. ఎక్కువ దెబ్బలకి కారణం పడిపోవడం. ఇందులో పెద్ద పార్కులతో పాటు సంతలూ, మాల్స్ ముందు నాణెం వేస్తే ఊగే గుర్రాలూ ఉన్నాయి. కోట్ల మంది ఎక్కే చోట ఇది పెద్ద సంఖ్య కాదని పార్కుల వాళ్లు అంటారు. అదీ నిజమే. కానీ పడిపోవడమే ప్రధాన కారణమైనప్పుడు, పట్టివుంచేదాని గురించి మాట్లాడకుండా ఉండలేం.

పొడుగ్గా పెరిగిన మూడేళ్ల బిడ్డ విషయం ఇంకా కష్టం. ఒళ్లు గీత దాటుతుంది, తెలివి మూడేళ్లదే. భయం వేస్తే లేచి నిలబడుతుంది. అమ్మ కనిపిస్తే ఆ వైపు వంగుతుంది. కింద పడిన బొమ్మ కోసం చెయ్యి చాపుతుంది. అందుకే కొన్నిచోట్ల ఎత్తుకి తోడు వయసు నియమమూ ఉంది. డిస్నీలో ఏడేళ్లలోపు పిల్లల పక్కన కనీసం పద్నాలుగేళ్ల తోడు ఉండాలి. చాలా పార్కుల్లో ఒకే రైడ్‌కి రెండు గీతలుంటాయి. తోడుతో అయితే ఇంత, ఒంటరిగా అయితే ఇంత. ఈ రెండో గీతని మన కుటుంబాలు పట్టించుకోవు. అన్నయ్య తోడు ఉన్నాడు కదా అని ఎనిమిదేళ్లవాడి చేతిలో నాలుగేళ్లవాణ్ణి పెట్టి పంపేస్తాం. నేనూ ఒకప్పుడు మా ఊరి తిరునాళ్లలో అలాగే చేశాను. జెయింట్ వీల్ తొట్టిలో ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టి కింద నిలబడి చేతులూపాను. తొట్టికి ఉన్నది ఒక కొక్కెం. పైకి వెళ్లాక చిన్నది లేచి నిలబడి నా కోసం వంగి చూసింది. ఆ చక్రం దిగేదాకా నా ఒంట్లో రక్తం లేదు.

మన దగ్గర ఎత్తుగీత పెద్ద పార్కులతోనే వచ్చింది. 2016లో హైదరాబాద్ శివార్లలో తెరుచుకున్న వండర్‌లాలో టికెట్టు ధర కూడా పిల్లల ఎత్తుని బట్టే ఉంటుంది. దీనివల్ల పార్కులో ఒక దృశ్యం కనిపిస్తుంది. పొద్దున టికెట్ కౌంటరు దగ్గర "కాస్త మోకాళ్లు వంచు నాన్నా" అంటారు. మధ్యాహ్నం రైడ్ గేటు దగ్గర "మునివేళ్ల మీద నిలబడు" అంటారు. ఒకే బిడ్డ ఒకే రోజులో డబ్బుల కోసం కుంగాలి, సరదా కోసం సాగాలి. కౌంటరు దగ్గర వంగితే పోయేది పార్కుకి కొన్ని వందల రూపాయలు. గేటు దగ్గర సాగితే పోయేది ఏమిటో ఆ తల్లిదండ్రులకి తెలిస్తే ఆ మాట నోటెంట రాదు. వాళ్లలో చెడ్డవాళ్లు ఎవరూ ఉండరు. బిడ్డ ఏడుపు చూడలేరు, అంతే. చెప్పుల్లో కాగితాలు మడిచి పెట్టేవాళ్లు, ఎత్తు మడమల బూట్లు వేసేవాళ్లు, నడినెత్తిన పిలక కట్టేవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. అందుకే కిట్టు చేత చెప్పులు విప్పించిన ఆ కుర్రాడి మీద నాకు గౌరవం.

గీత ముందు మన పిల్లలందరూ సమానంగా నిలబడటం లేదన్నది కూడా చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం మంది వయసుకి తగ్గ ఎత్తు లేరు. తెలంగాణలో 33.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం. కడుపు నిండా సరైన తిండి దొరకని పిల్లలు వీళ్లు. ప్రభుత్వ బడి నుంచి విహారయాత్రకి వచ్చిన రెండో తరగతి పిల్లల్ని గీత దగ్గర చూస్తే మనసు కలుక్కుమంటుంది. సగం మంది బయటే ఉండిపోతారు. దీనికి మందు గీత తగ్గించడంలో లేదు. కుర్చీకి జాలి తెలియదు. ఆ పొట్టి ఒంటికి సరిపడే మంచి రైడ్లు మరిన్ని ఉండాలి, యాత్ర ఏర్పాటు చేసే బడి ముందుగానే ఏ పిల్లలు ఏవి ఎక్కగలరో చూసుకోవాలి. తిండి మాట సరేసరి, అది పార్కు గేటు కంటే చాలా ముందు మొదలవ్వాల్సిన పని.

జాతరల, ఎగ్జిబిషన్ల పరిస్థితి ఇంకా వెనకబడి ఉంది. అక్కడ కొలబద్ద ఉండదు. టికెట్లు చింపే మనిషి కళ్లతోనే కొలుస్తాడు. జనం ఎక్కువైన రాత్రి ఆ కొలత కూడా ఉండదు. 2018 మే నెలలో అనంతపురం ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ తొట్టి ఊడి కిందపడి పదేళ్ల పాప చనిపోయింది. 2019 జూలైలో అహ్మదాబాద్ కాంకరియాలో ఊగే రైడ్ విరిగిపడి ప్రాణాలు పోయాయి. ఇవి ఎత్తుకి సంబంధించినవి కావు. బోల్టుకీ వెల్డింగుకీ తనిఖీకీ సంబంధించినవి. గీతకి అర్థం ఉండాలంటే ముందు కుర్చీ ఊడకుండా ఉండాలి. ఏ గీతా అనంతపురం పాపని కాపాడలేదు. పది రోజుల కోసం మైదానంలో నిలబెట్టే చక్రానికి ఇంజినీరు సంతకం, ఎక్కే చోట తెలుగులో రాసిన ఎత్తు బోర్డు, తొట్టికి కొక్కెంతో పాటు బెల్టు ఉండాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. అనుమతి ఇచ్చే మున్సిపాలిటీ, పోలీసులు ఆ మూడూ చూసి ఇవ్వాలి.

గేటు దగ్గర ఆగిపోయిన బిడ్డని ఏం చెయ్యాలన్నదాన్ని కొందరు శ్రద్ధగా ఆలోచించారు. అమెరికాలో హెర్షీ పార్కు వాళ్లు పిల్లల్ని లోపలికి రాగానే కొలిచి, ఎత్తుకో చాక్లెట్ పేరు పెడతారు. 36 అంగుళాలు దాటితే ఒక చాక్లెట్, 42 దాటితే ఇంకొకటి, 48 దాటితే మరొకటి. ప్రతి రైడ్ ముందూ ఏ చాక్లెట్ పిల్లలు ఎక్కొచ్చో రాసి ఉంటుంది. ముప్పావుగంట నిలబడ్డాక వెనక్కి పంపడం ఉండదు. పేచీ పొద్దున్నే తీరిపోతుంది. డిస్నీ, యూనివర్సల్ పార్కుల్లో వంతులమార్పు ఉంది. తండ్రి ఎక్కుతాడు, తల్లి చిన్నోడితో ఉంటుంది, తండ్రి దిగాక తల్లి మళ్లీ వరుసలో నిలబడకుండా ఎక్కుతుంది. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే మన అమ్మమ్మలూ తాతయ్యలూ ఈ సంగతి తెలియక రోజంతా బెంచీ మీద మనవడిని ఎత్తుకుని కూర్చుంటారు. గేటు దగ్గర అడిగితే చాలు, చెబుతారు. మన పార్కులు కూడా గేటు దగ్గరే కొలిచి చేతికి రంగు పట్టీ కట్టడం, వంతులమార్పు ఇవ్వడం మొదలుపెట్టాలి. ఖర్చు స్వల్పం, తప్పే కన్నీళ్లు బోలెడు.

ఇంట్లో చేయగలిగింది మాత్రం మన చేతిలోనే ఉంది. వెళ్లే ముందురోజు సాయంత్రం చెప్పులు లేకుండా గోడకి నిలబెట్టి కొలవాలి. సాయంత్రమే ఎందుకంటే, రాత్రి పడుకుని లేచాక వెన్నుపూసల మధ్య మెత్తటి పొరలు ఉబ్బి ఎవరైనా కాస్త పొడుగ్గా ఉంటారు, రోజు గడిచేకొద్దీ కుంగుతారు. తేడా దాదాపు ఒక సెంటీమీటరు. పార్కు వెబ్‌సైటులో ప్రతి రైడ్ ఎత్తూ ఉంటుంది. పిల్లవాడికి ఇంట్లోనే, వరుసలో నిలబడకముందే చెప్పాలి. ఎక్కాక కడ్డీని వాళ్ల ఒడి మీద మన చేత్తో నొక్కి చూడాలి. బెల్టు ఒంటి కింద ఉందో పైన ఉందో చూడాలి. గీత దాటినా బిడ్డ భయంతో బిగుసుకుపోతే దింపేయాలి. "ఏం కాదులే" అని కూర్చోబెట్టడం కంటే నలుగురి ముందు దిగిపోవడం మేలు.

ఇదంతా తెలుసుకున్నాక ఒక రాత్రి కిట్టుని గోడకి నిలబెట్టి పెన్సిల్‌తో ఎత్తు గీసి, మాటలతో చెప్పబోయాను. వినలేదు. మర్నాడు పొద్దున్నే లేచి గోడ దగ్గర నిలబడి "ఇప్పుడు కొలువు పిన్నీ" అన్నాడు. రాత్రి పెన్సిల్ గీత కంటే కొంచెం పైకి వచ్చాడు. "అయితే పొద్దున్నే వెళ్దామా?" అన్నాడు. అప్పుడు వాణ్ణి సోఫాలో నా పక్కన కూర్చోబెట్టి, బూజుకర్ర తెచ్చి ఇద్దరి ఒళ్ల మీదా అడ్డంగా పెట్టి ఆ చివరా ఈ చివరా పట్టుకోమని మా బావకీ అక్కకీ ఇచ్చాను. కర్ర నా పొట్టకి తగిలి ఆగింది. వాడి ఒడికీ కర్రకీ మధ్య వాడి రెండు పిడికిళ్లూ ఒకదాని మీద ఒకటి పట్టాయి. "ఇప్పుడు జారు" అన్నాను. వాడు నవ్వుతూ కిందికి జారి, కర్ర కింద నుంచి నేల మీదికి వచ్చేశాడు. మా బావ చేతుల్లో కర్ర అంగుళం కూడా కదల్లేదు. కిట్టు లేచి ఆ కర్ర వంక కాసేపు చూసి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. ఈసారి చిన్నిని పిలిచి తన పక్కన కూర్చోమన్నాడు.